చేపపిల్లలు కొనేముందు బోరు నీళ్లు చూడండి

వానను నమ్ముకుని తవ్విన పంటకుంట చాలా ఏళ్లు సగం కూడా నిండదు. పక్కనే బోరుంది, కరెంటు వచ్చినప్పుడు కుంటకు ఇన్ని నీళ్లు తిప్పి చేపలు పెంచుకుందామనుకునే రైతులున్నారు. ఆలోచన మంచిదే. అయితే రాత్రంతా బోరు నీళ్లు పట్టి, తెల్లారే పిల్లల్ని వదిలితే మధ్యాహ్నానికి తెల్లగా తేలిపోవచ్చు. విత్తనం మంచిది కాదని అమ్మినవాణ్ని తిట్టుకుంటాం. తప్పు విత్తనానిది కాకపోవచ్చు, నీళ్లది కావచ్చు.

భూమిలోంచి అప్పుడే వచ్చిన నీళ్లలో ప్రాణవాయువు బాగా తక్కువ. బొగ్గుపులుసు వాయువు మాత్రం ఎక్కువ. లీటరు నీటికి 5 మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఉంటే చేప హాయిగా తిరుగుతుంది. 2కు దిగితే ప్రాణం మీదికి వస్తుంది. కాబట్టి బోరు పైపును కుంట అడుక్కి దించవద్దు. గట్టు మీద మూడు నాలుగు అడుగుల ఎత్తున కట్టి, కింద ఒక బండ వేసి, నీళ్లు దానిమీద పడి చిందేటట్టు చూడాలి. చిల్లులు పొడిచిన పాత రేకు పెట్టినా సరే. రాళ్లు పరిచిన కాలువలో పారించినా గాలి పడుతుంది. ఖర్చు లేని పని, దీన్నే మనం వదిలేస్తాం.

ఇక నీటిలో ఏముందో చూడాలి. బోరు అరగంట నడిచాక, శుభ్రమైన సీసాను అదే నీళ్లతో రెండు మూడుసార్లు తొలిచి, అంచుదాకా నింపి పరీక్షకు ఇవ్వండి. ఎక్కడ ఇవ్వాలో రెడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రంలో గానీ, మత్స్యశాఖ కార్యాలయంలో గానీ అడగండి. ఉదజని సూచిక 7.5 నుంచి 8.5 దాకా ఉంటే దిగులు లేదు. 9 దాటితే తొందరపడవద్దు. ఉప్పు లీటరుకు రెండు గ్రాములున్నా బొచ్చె, శీలావతి, మోసు తట్టుకుంటాయి.

కాగితం వచ్చేలోపు వంటింట్లో అడగండి. ఆ నీళ్లలో పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు అంటే అవి సున్నం ఎక్కువున్న గట్టి నీళ్లు. మనకు విసుగే గానీ చేపకు పెద్దగా చెరుపు లేదు. చేతికి జారుడుగా తగిలి, పప్పు తొందరగా మెత్తబడితే అవి సోడా నీళ్లు కావచ్చు. జాగ్రత్త వీటితోనే. ఫ్లోరైడు ఎక్కువున్న బోర్లలో తరచుగా ఇలాంటి నీళ్లే ఉంటాయి. వీటికి సున్నం వేయకూడదు, జిప్సం వేయాలి. శెనక్కాయకు ఊడలు దిగేటప్పుడు వేసే జిప్సమే. ఎంత వేయాలన్నది పరీక్ష కాగితం చూపించి తెలుసుకోండి, అందాజుగా వేయవద్దు. ఈ నీళ్లలో యూరియా కూడా చల్లవద్దు. సోడా నీళ్లు, మన ఎండ కలిస్తే అమ్మోనియా విషమవుతుంది.

ఇంకో సంగతి. మన జిల్లాలో ఏడాదికి కురిసేది సుమారు 550 మిల్లీమీటర్లు. కుంటలోంచి ఎండకు ఆరిపోయేది దానికి రెండింతలకు మించే. నీళ్లు పోతాయి, ఉప్పు మిగులుతుంది. తగ్గినప్పుడల్లా బోరుతో నింపుతూ పోతే ఏప్రిల్ నాటికి కుంట నీళ్లు బోరు నీళ్లకంటే ఉప్పగా తయారవుతాయి. అందుకని వాన నీరు చేరే దారులు ముందే బాగుచేసుకోండి. వేసవి ముదరకముందే చేపలు పట్టేసుకోవడం మేలు.

నీళ్లు ఎటూ ఉప్పగానే ఉన్నాయి, రొయ్యలు వేద్దామా అని అడిగేవాళ్లూ ఉన్నారు. సముద్రపు నీరు వేరు, ఉప్పు బోరు వేరు. సముద్రపు నీటిలో లీటరుకు 35 గ్రాముల లవణాలుంటాయి, అందులో పొటాషియం దాదాపు 400 మిల్లీగ్రాములు. లోతట్టు ఉప్పు నీళ్లలో ఆ పొటాషియమే తక్కువ. హర్యానాలోని ఉప్పు భూముల్లో రొయ్యలు పెంచేవాళ్లు నీళ్లలో పొటాష్ కలుపుతారు. పెట్టుబడి ఎక్కువ, అనుమతులూ కావాలి. రెండెకరాల రైతు ఆ జోలికి పోకపోవడమే మంచిదని నా మాట.

కుంట నిండాక పదిరోజులు ఆగండి. పది సెంట్ల కుంటకు వంద కిలోల పచ్చిపేడ కలిపితే నీళ్లు పచ్చబడతాయి, చేపకు మేత అదే. మోచేతిదాకా చెయ్యి ముంచండి. అరచేయి అప్పుడే కనబడకుండా పోతుంటే సరిపోయింది. మణికట్టు దగ్గరే కనబడకపోతే పేడ ఆపేయాలి.

పిల్లల్ని తెచ్చే ముందురోజు ఓ పదింటిని అడిగి తెచ్చుకుని, కుంటలోనే చిన్న వలగూడు కట్టి వదిలి చూడండి. ఒక పగలు, ఒక రాత్రి బతికితే మిగతావి తెచ్చుకోవచ్చు. సంచి విప్పకుండా పావుగంటసేపు నీటిమీద తేలనిచ్చి, ఆపైన కుంట నీళ్లు కొద్దికొద్దిగా సంచిలో కలపాలి. అవే ఈదుకుంటూ బయటికి రావాలి, కుమ్మరించకూడదు.

వదిలాక తెల్లవారుజామున ఒకసారి కుంట దగ్గరికి పోయి రండి. చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే ప్రాణవాయువు చాలడం లేదన్నమాట. ఆ పూట మేత, పేడ రెండూ ఆపి, కరెంటు రాగానే బోరు నీళ్లు బండమీద పడనివ్వండి. అప్పటిదాకా బకెట్లతో కుంట నీళ్లే తోడి ఎత్తునుంచి పోస్తూ ఉండాలి.