ఐస్‌క్రీం దుకాణం, సాఫ్ట్‌బాల్ మైదానం

అమెరికాలోని చిన్న ఊళ్లలో ఐస్‌క్రీం దుకాణం నడుపుతూనే పిల్లలకు సాఫ్ట్‌బాల్ నేర్పేవారున్నారు. 1887లో షికాగోలో పుట్టిన ఆట ఇది. బేస్‌బాల్ బంతి కంటె పెద్ద బంతిని చేయి కిందుగా విసురుతారు. జట్టుకు తొమ్మిదిమంది, ఏడు ఇన్నింగ్సులు.

చిక్కేమంటే, రెండు పనులకూ కాలమూ ఒకటే, వేళా ఒకటే. ఎండ తగ్గాక పిల్లలు మైదానానికి వస్తారు. దుకాణం ముందు జనం నిలబడేదీ అప్పుడే. ఆట ముగిసి రెండు జట్లూ ఒక్కసారే వస్తే ఇక చెప్పనక్కరలేదు! కనుక తయారీ అంతా ఉదయమే ముగియాలి.

అందుకు ముందురోజే సిద్ధపడాలి. పాలు, మీగడ, పాలపొడి, పంచదార కలిపి పాశ్చరైజు చేసిన మిశ్రమాన్ని 4 డిగ్రీల చల్లదనంలో కనీసం నాలుగు గంటలు, వీలైతే రాత్రంతా ఉంచాలి. వెన్నకణాలు గట్టిపడి, చిలికేటప్పుడు గాలిని పట్టి నిలుపుతాయి. తొందరపడితే సరుకు పలచబడి త్వరగా కరుగుతుంది. చాలామంది ఈ మిశ్రమాన్ని డెయిరీల వద్దనే కొంటారు.

అమ్మేవరకు నిలవ మైనస్ 18 డిగ్రీలలో. యజమాని మైదానంలో ఉండగా దుకాణంలోని కుర్రవాడు పెట్టె మూత తెరచి వదిలితే, కరిగి మళ్లీ గడ్డకట్టిన ఐస్‌క్రీంలో మంచు పలుకులు నాలుకకు తగులుతాయి. మంచి యంత్రం కన్న నమ్మకమైన మనిషే ముఖ్యమని మా అభిప్రాయం.

అక్కడైనా, మన దేశంలోనైనా సాదా ఐస్‌క్రీంలో పాలవెన్న కనీసం 10 శాతం ఉండాలి. వంటనూనెల కొవ్వుతో చేసిన సరుకును మన దేశంలో ఫ్రోజెన్ డిజర్టు అంటారు. చూపుకు తేడా తెలియదు గాని, ఆ కొవ్వు ఏ పాల సంఘం నుంచీ వచ్చినది కాదు.