లైటు మనది.. కళ్లు ఎదుటివాడివి!

* ఇంటి దగ్గరే హెడ్‌లైట్లు మార్చేస్తున్నారా?
* బల్బు కంటే ముందు చూసుకోవాల్సినవి వేరే ఉన్నాయి

చంద్రపూర్: రాజురా మీదుగా వాంకిడి, ఆసిఫాబాద్ వైపు రాత్రిపూట బండి నడిపేవాళ్లకు ఈ తిప్పలు కొత్త కాదు. ఎదురుగా కారు వస్తుంది. తెల్లటి వెలుగు సూటిగా కళ్లలో కొడుతుంది. డిమ్ చేయమని ఎన్నిసార్లు లైటు కొట్టి చూపినా ఫలితం ఉండదు. ఎందుకంటే అతను వేసింది డిమ్మే! కాకపోతే బల్బు మార్చాడు.. అంతే.

గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి మూడు సెకన్లలో 50 మీటర్లు దాటేస్తుంది. ఆ మూడు సెకన్లు కళ్లు చీకట్లు కమ్మితే 50 మీటర్లు గుడ్డిగా పోయినట్టే.

చాంద చుట్టుపక్కల రాత్రి ప్రయాణమంటే లైటు మీదే ప్రాణం. బల్లార్‌పూర్ వైపు బొగ్గు లారీలు, గడ్‌చాందూర్ వైపు సిమెంటు బండ్లు. మూల్ రోడ్డులోనైతే అడవి దాటి ఎప్పుడు ఏ జంతువు అడ్డొస్తుందో చెప్పలేం. అందుకే పవర్ లైట్లు వేసుకోవాలని చాలామంది ఆశపడతారు. కిట్టు తెప్పించి ఇంటి ముందే బిగించేస్తారు. ఆశలో తప్పు లేదు. దారే తప్పు.

గిన్నెలో ఉంది కిటుకు

మన దగ్గర తిరిగే చాలా పాత కార్లలో, చిన్న కార్లలో ఉండేది హెచ్-4 హాలోజన్ బల్బు. అప్పర్‌కు 60 వాట్లు, డిమ్‌కు 55 వాట్లు. డిమ్ ఫిలమెంటు కింద చిన్న లోహపు గిన్నె ఉంటుంది. కిందికి పోయే వెలుగును అది ఆపేస్తుంది. మిగతా వెలుగు రిఫ్లెక్టర్‌కు తగిలి రోడ్డు మీదికే వాలుతుంది. ఫిలమెంటు ఎక్కడుందో లెక్కగట్టి రిఫ్లెక్టర్ వంపు తయారుచేస్తారు. ఆ చోట ఎల్‌ఈడీ గానీ, హెచ్ఐడీ గానీ పెడితే లెక్క తప్పుతుంది. వెలుగు పైకీ పక్కలకీ చెదిరిపోతుంది.

బండి ముందు రోడ్డు తెల్లగా మెరుస్తుంది కాబట్టి బాగా కనిపిస్తున్నట్టే అనిపిస్తుంది. కానీ దగ్గర వెలుగు ఎక్కువైతే కంటిపాప ముడుచుకుంటుంది. దూరాన ఉన్నది ఇంకా మసకబారుతుంది. అంటే ఎదుటివాడికే కాదు, మనకూ నష్టమే.

100/90 వాట్ల బల్బుల సంగతి మరోటి. రెండు మామూలు బల్బులు అప్పర్‌లో 10 ఆంపియర్ల కరెంటు లాగితే, ఇవి 16 దాటి లాగుతాయి. పాత వైర్లు, హోల్డర్లు వేడెక్కి కరిగే ప్రమాదం ఉంది.

అందం కోసం లైటును ఓవెన్‌లో వేడిచేసి, అద్దం ఊడదీసి లోపల నల్లరంగు, రింగులు వేసేవాళ్లూ ఉన్నారు. మళ్లీ అతికించేటప్పుడు సీలు సరిగా పడకపోతే మొదటి వానకే లోపల తేమ చేరుతుంది. రిఫ్లెక్టర్ మెరుపు పోతుంది. పైన నల్ల ఫిల్మ్ అంటిస్తే ఉన్న వెలుగే తగ్గుతుంది.

ఒక్కో మార్పుకు 5 వేలు

కంపెనీ ఇచ్చిన బండిని ఇష్టమొచ్చినట్టు మార్చడం 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కుదరదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే తేల్చి చెప్పింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణ ప్రకారం, అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. 8 మీటర్ల దూరంలో, 1.5 మీటర్ల ఎత్తులో ఉన్న కంటిని వెలుగు మిరుమిట్లు గొలపకూడదని కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు చెబుతున్నాయి. ఎంహెచ్-34 బండి అయినా, సరిహద్దు అవతలి తెలంగాణ బండి అయినా చట్టం ఒక్కటే.

ఇంటి దగ్గర ఇవి చేసుకోవచ్చు

తుడవడం: బొగ్గు దుమ్ము, బూడిద పట్టిన లైటుతో కొత్త బల్బు వేసినా దండగే. బయల్దేరే ముందు నీళ్లతో కడగాలి. పొడి గుడ్డతో రుద్దితే గీతలు పడతాయి.

పసుపు వదిలించడం: ఇప్పటి లైట్ల అద్దం గాజు కాదు, పాలీకార్బొనేట్ ప్లాస్టిక్. మే నెలలో 45 డిగ్రీలు దాటే ఇక్కడి ఎండకు పసుపెక్కుతుంది. చుట్టూ టేపు అంటించి, 800, 1500, 2000 నంబర్ల వాటర్ పేపర్‌తో వరసగా తడిపి రుద్దాలి. తర్వాత పాలిష్ పట్టాలి. చివర ఎండను ఆపే యూవీ క్లియర్ కోటు తప్పనిసరి. అది లేకుంటే కొన్నాళ్లకే మళ్లీ పసుపు. టూత్‌పేస్టు మెరుపు నాలుగు రోజుల ముచ్చటే.

ఎర్త్ చూసుకోవడం: బల్బుకు అందే ఓల్టేజి పదో వంతు తగ్గితే హాలోజన్ వెలుగు దాదాపు 30 శాతం పడిపోతుంది. తుప్పు పట్టిన ఎర్త్ వైరును, కనెక్టర్లను ఆటో ఎలక్ట్రీషియన్‌తో శుభ్రం చేయిస్తే పాత బల్బే కొత్తదానిలా వెలుగుతుంది. బల్బు మార్చాల్సి వస్తే అదే వాట్లది, రెండు పక్కలా ఒకేసారి మార్చాలి. గాజును వేళ్లతో ముట్టుకోకూడదు.

ఎత్తు సరిచేయడం: టైర్లలో గాలి సరిచూసి, చదునైన చోట గోడకు 10 మీటర్ల దూరంలో బండి నిలపాలి. డ్రైవర్ సీట్లో ఒకరు కూర్చోవాలి. లైటు మధ్యభాగం ఎత్తును గోడపై గుర్తు పెట్టాలి. డిమ్ వేస్తే వెలుగు పై అంచు ఆ గుర్తుకు 10 సెంటీమీటర్ల కింద పడాలి. ఇది ఒక శాతం వాలు లెక్క. మీ బండికి ఎంత శాతమో లైటుపైనో, దాని దగ్గరో అచ్చు వేసి ఉంటే అదే పాటించాలి. తేడా ఉంటే లైటు వెనక స్క్రూ తిప్పి సరిచేయొచ్చు.

చైత్రంలో మహాకాళి జాతరకు ఇంటిల్లిపాదీ సామానుతో బయల్దేరితే బండి వెనక కుంగి, ముందు లైటు పైకి లేస్తుంది. అప్పుడు డ్యాష్‌బోర్డు మీద 0 నుంచి 3 వరకు అంకెలున్న బటన్ తిప్పి వెలుగును కిందికి దించాలి. చాలామంది దాన్ని ఒక్కసారి కూడా తాకి ఉండరు!

లారీల వెనక ‘యూజ్ డిప్పర్ ఎట్ నైట్’ అని రాసి ఉండటం అందరూ చూసిందే. ముందు మన బండి డిమ్ నిజంగా కిందికి పడుతోందో లేదో ఈ సాయంత్రమే గోడ మీద వేసి చూసుకుంటే మంచిది. దానికి పైసా ఖర్చు లేదు.