ఆకెత్తేశాక సాంబారు

రండర్రా గుంటలూ, అరుగు మీద సర్దుకుని కూర్చోండి. ఇవేళ కంప్యూటర్లో పాట ఎలా పలుకుతుందో, చెడితే ఎలా బాగుచేస్తారో చెప్పుకుందాం. నొక్కాం, పాడింది అనుకుంటాం గానీ, మధ్యలో పెద్ద సంసారమే ఉంది.

కంప్యూటర్ పాటని అంకెలుగా దాచుకుంటుంది. తరచూ సెకనుకి 48,000 అంకెలు, అదీ ఒక్కో చెవికి! అన్నెందుకంటారా? మనిషి చెవి సెకనుకి 20,000 కంపనాల దాకా పట్టగలదు. ఆ శబ్దం చేజారకుండా ఉండాలంటే రెట్టింపుకి పైగా కొలతలు తియ్యాలి. ఇదంతా మీ చెవుల లెక్క. నా వయసొచ్చాక కీచుమనే సన్న శబ్దాలే ముందు మాయమవుతాయి. మీ అమ్మమ్మ పిలిస్తే పలకనిది మాత్రం అందుకు కాదులెండి.

ఆ అంకెల్ని సౌండ్ చిప్పుకి అందించే ప్రోగ్రాం పేరు డ్రైవర్. మన కంచిలి పెళ్లిళ్లలో బంతి భోజనాలు చూశారుగా, అచ్చం అదే. చిప్పు భోజనానికి కూర్చున్న పెద్దమనిషి. ఆగడు, తొందరపడడు, ఒకే వేగంతో తింటాడు. ఆయన ముందున్న ఆకు బఫర్. బకెట్టు పట్టుకున్న కుర్రాడు డ్రైవర్. ఆకులో సగం ఖాళీ కాగానే ఆయన “బాబూ, ఇటు!” అని కేకేస్తాడు. ఆ కేకనే ఇంటరప్ట్ అంటారు. కుర్రాడొచ్చి ఆ సగంలో వడ్డించేలోగా ఆయన రెండో సగంలో పనసకాయ కూర కలుపుకుంటూ ఉంటాడు. వడ్డన ఆలస్యమైందా, ఆకు ఖాళీ! మనకి పాట మధ్యలో చిటపటలు వినిపిస్తాయి.

ఇంతకంటే పెద్ద చిక్కు పాట ఆపేటప్పుడు వస్తుంది. చివరి కేక విని కుర్రాడు సాంబారు బకెట్టుతో బయల్దేరిపోయాడు. ఇంతలో భోజనం అయిందని ఎవరో ఆకెత్తేశారు. ఆ చోట ఇంకెవరో పట్టుబట్టతో కూర్చున్నారు. కుర్రాడు చూసుకోకుండా గరిటెడు పోశాడనుకోండి! డ్రైవర్ కూడా అలాగే, వదిలేసిన బఫర్‌లో చెయ్యి పెడితే వేరేవాళ్ల మెమరీ పాడవుతుంది, కంప్యూటర్ కుప్పకూలుతుంది. ఇది ఎప్పుడో గానీ జరగదు. అందుకే “నా కంప్యూటర్లో బాగానే పాడుతోందే” అన్న మాట ఇక్కడ చెల్లదు.

లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో శబ్దం సంగతి చూసుకునే భాగం పేరు ఆల్సా. యారొస్లావ్ కిసేలా అనే చెక్ దేశస్థుడు 1998లో ఒకే ఒక్క రకం సౌండు కార్డు కోసం మొదలుపెట్టాడు. ఇప్పుడు దాని పెద్ద దిక్కు తకాషి ఇవాయ్. అక్కడ ఎవరైనా బగ్, అంటే ప్రోగ్రాంలో తప్పు, సరిచేస్తే తిన్నగా కలిపెయ్యరు, తెలిసినవాళ్లు ముందు చదువుతారు. అదే రివ్యూ. ప్రోగ్రాంలో తీసేసిన వరస ముందు మైనస్, చేర్చిన వరస ముందు ప్లస్ ఉంటాయి. తప్పు ఏమిటో, ఏ పాత మార్పుతో వచ్చిందో పైన రాసుంటుంది.

మన సాంబారు బగ్‌కి ఒకడు ఒక్క వరస చేర్చాడనుకుందాం: “కుర్రాడు వచ్చి వెళ్లేదాకా ఆగు.” భేష్! కానీ రివ్యూ చేసేవాడు అడుగుతాడు, “ఆగేది ఎక్కడ నాయనా?” పాట ఆపే చోట డ్రైవర్ ఒక తాళం వేసుకుని ఉంటుంది. లోపల గడియ పెట్టుకుని “వాడొస్తేనే తీస్తా” అని ఒకడు, బయట బకెట్టుతో “తీస్తేనే వస్తా” అని ఇంకొకడు! పాట మాట దేవుడెరుగు, కంప్యూటరే కొయ్యబారిపోతుంది. గడియ తీశాక, ఆకెత్తక ముందు ఆగాలి. 2019లో ఇవాయ్ ఆల్సాలోనే ఇలా ఆగడానికి “సింక్ స్టాప్” అనే చోటు కల్పించాడు. ఇంక ఏ డ్రైవర్‌కి ఆ డ్రైవర్ సొంతంగా వెతుక్కోనక్కర్లేదు.

చూశారా, చేర్చింది ఒక్క వరస. అది ఎక్కడుండాలో తెలియాలంటే వంటశాల నించి చేతులు కడిగే గోళెం దాకా బంతంతా మనసులో తిరగాలి. ఆ తిరగడంలో ఉంది మజా!

“అంతమంది చదివాక కూడా తప్పు ఉండిపోతే తాతా?” అంటారా? ఉండిపోతుందమ్మా, తరచూ ఉండిపోతుంది. ఎందుకు మార్చారో పైన రాసిపెట్టేది అందుకే. రేపు మీలో ఎవరైనా ఆ పని పట్టుకుంటే, ముందా నాలుగు ముక్కలూ చదవండి. వరసల జోలికి తరవాత పోదురు గాని.