లైటు బిగిస్తే రోడ్డు బండి అవుతుందా?

“అన్నా, దీనికి హెడ్‌లైటు, ఇండికేటర్లు బిగిచ్చి నంబరు తీసుకోవచ్చు గదా? హిందూపురంలో కుదరకుంటే కర్నాటకలో చేపిచ్చుకుందాం.”

డర్ట్ బైకు మీద మనసుపడ్డ కుర్రవాడు మెకానిక్కును అడిగే మాట ఇది. చిలమత్తూరులో ఈ ఆలోచన రావడంలో వింత లేదు. మండలంలోని కొడికొండ చెక్‌పోస్టు దాటి 44వ నంబరు జాతీయ రహదారి మీద దక్షిణానికి పోతే వచ్చే పట్నం బాగేపల్లి. అది కర్ణాటక, కానీ బజారులో వినబడేది తెలుగే. బెంగళూరు సుమారు వంద కిలోమీటర్లు. పెళ్లి సంబంధాలు, పట్టుగూళ్ల బేరాలు, ఉద్యోగాలు అన్నీ రాష్ట్రాల గీతకు రెండు వైపులా సాగుతుంటే బండి నంబరుకు మాత్రం అడ్డేమిటి అనిపిస్తుంది.

అడ్డు ఆ గీత దగ్గర లేదు. అది పుణెలో ఉంది.

రవాణా కార్యాలయంలో బ్రేక్ ఇన్‌స్పెక్టరు బండిని పరీక్షించి, బాగుంటే నంబరు ఇస్తాడని చాలామంది నమ్మకం. కొత్త బండి విషయంలో అసలు పరీక్ష అంతకు చాలా ముందే, చాలా దూరంలో అయిపోతుంది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలో 126వ నియమం ప్రకారం, కంపెనీ తాను అమ్మదలచిన ప్రతి మోడల్ నమూనాను ముందుగా ప్రభుత్వం గుర్తించిన పరీక్షా సంస్థకు అప్పగించాలి. పుణెలోని ఆటోమోటివ్ రీసెర్చ్ అసోసియేషన్ (ఏఆర్ఏఐ), హర్యానాలో మానేసర్‌లోని ఐక్యాట్ అలాంటివి. అక్కడ నెగ్గితే ఆ మోడల్‌కు ఆమోదం. ఆ తర్వాత తయారయ్యే ఒక్కో బండికీ, “ఇది ఆమోదం పొందిన నమూనా ప్రకారమే తయారైంది, రోడ్డుకు తగినది” అంటూ కంపెనీ ఫారం 22 ఇస్తుంది. వేరుశనగ రైతుకు ఈ పద్ధతి చెప్పనక్కర్లేదు. ధ్రువీకరణ రకానికి ఉంటుంది, గింజ గింజకూ కాదు. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కర్మాగారం నుంచి 2019 నుంచి బయటికొస్తున్న కార్లకూ ఇదే దారి.

డర్ట్ బైకుకు ఫారం 22 ఉండదు. కావసాకి కేఎక్స్ వరుస బండ్లను, సుజుకి ఆర్ఎం-జెడ్ బండ్లను మన దేశంలో అమ్మినప్పుడు కంపెనీలే వాటిని పోటీల ట్రాకు కోసం మాత్రమే అని చెప్పి అమ్మాయి. ఫారం 22 లేకపోతే దరఖాస్తు ముందుకు కదలదు. హిందూపురంలోనైనా అంతే, చిక్కబళ్లాపురంలోనైనా అంతే, ఎందుకంటే రెండు రాష్ట్రాలూ చదివే చట్టం ఒకటే.

మరి ఆ పరీక్షలో ఏముంటుంది? ఇంజను, చట్రం, చక్రాలు అన్నీ ఉన్న బండి ఎందుకు నెగ్గలేదు? కాగితాల గొడవ కన్నా ఈ ముచ్చట చాలా రుచిగా ఉంటుంది.

పొగతో మొదలుపెడదాం. పెట్రోలు పూర్తిగా మండాలంటే దాని బరువుకు సుమారు 14.7 రెట్ల గాలి కావాలి. కానీ ఇంజను నుంచి ఎక్కువ బలం రావాలంటే పెట్రోలు పాలు కాస్త పెంచి, 13 రెట్ల గాలికి అటూ ఇటూగా నడపాలి. పోటీ బండి చేసేది అదే. మండకుండా మిగిలిన భాగం కార్బన్ మోనాక్సైడుగా, హైడ్రోకార్బన్లుగా గొట్టం నుంచి బయటికొస్తుంది. రోడ్డు బండిలో ఆ గొట్టం మధ్యలో ఉత్ప్రేరక పరికరం ఉంటుంది. లోపలి ప్లాటినం, పలాడియం, రోడియం పూత ఈ రెండిటినీ, నైట్రోజన్ ఆక్సైడ్లనూ మామూలు వాయువులుగా మారుస్తుంది. అయితే ఆ పూత మూడు పనులూ ఒకేసారి చేయాలంటే గాలి, పెట్రోలు పాళ్లు ఆ 14.7 చుట్టూ ఇరుకైన పట్టీలోనే ఉండాలి. అందుకే ఆక్సిజన్ సెన్సారు, దాని మాట విని పెట్రోలు కొలిచే కంప్యూటరు. 2020 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన బీఎస్6 ప్రకారం మోటార్ సైకిల్ కిలోమీటరుకు ఒక గ్రాము కార్బన్ మోనాక్సైడు, 0.06 గ్రాముల నైట్రోజన్ ఆక్సైడ్లు మించి వదలకూడదు. ఇవి కొలిచేది రోడ్డు మీద కాదు. బండిని రోలర్ల మీద కట్టేసి, నిర్ణీత వేగాల క్రమంలో నడిపి, వచ్చిన పొగను సంచుల్లో పట్టి కొలుస్తారు. ఊళ్లో చేయించే పొల్యూషన్ సర్టిఫికెట్ దీని ముందు పిల్లాట.

తర్వాత శబ్దం. 175 సీసీ దాటిన బండికి పరిమితి 80 డెసిబెళ్లు. బండి వేగం అందుకుంటూ పోతుంటే, అది నడిచే గీతకు ఏడున్నర మీటర్ల పక్కన మైకు పెట్టి కొలుస్తారు. డెసిబెల్ లెక్క మామూలు కూడికలా ఉండదు. పది పెరిగితే శబ్దశక్తి పదింతలు, ఇరవై పెరిగితే వందింతలు. చెవికి “కాస్త ఎక్కువ” అనిపించేది కొలతలో ఎంతో ఎక్కువ. తెల్లవారుజామున గుండ్రాళ్ల గుట్టల మధ్య ఒక్క బండి తిరిగితే నాలుగు ఊళ్లకు వినబడేది అందుకే.

టైరు కథ వేరు. డర్ట్ టైరు మీద ఎత్తైన రబ్బరు దిమ్మెలు దూరం దూరంగా ఉంటాయి. ఎండిన చెరువు అడుగులోనో, ఎర్రమట్టి దుక్కిలోనో అవి మట్టిలోకి దిగి పట్టు సంపాదిస్తాయి. తారురోడ్డులోకి దిగలేవు కదా. నేలను తాకేది దిమ్మెల కొసలు మాత్రమే. వంపులో ఆ కొసలు మెలితిరుగుతాయి, వేడెక్కుతాయి, ముక్కలై ఊడతాయి. వాన పడ్డ రోడ్డు మీద బ్రేకు వేస్తే ఆగాల్సిన చోట ఆగదు.

బ్రేకుల సంగతీ ఇలాగే తలకిందులు. 125 సీసీ పైబడిన రోడ్డు బండికి 2019 నుంచి ఏబీఎస్ తప్పనిసరి. చక్రం బిగుసుకుపోకుండా అది కాపాడుతుంది. కానీ వదులు మట్టిలో బిగుసుకున్న చక్రం ముందు మట్టి కుప్పగా పేరుకుని, ఆ కుప్పే బండిని ఆపుతుంది. అక్కడ ఏబీఎస్ పనిచేస్తే ఇంకా ముందుకు జారిపోతారు. ట్రాకు మీద మేలు చేసే గుణమే రోడ్డు మీద ప్రాణం తీస్తుంది. రెండు చోట్లా ఒకేలా మంచిదైన బ్రేకు అంటూ లేదు.

గేర్లూ అంతే. కేఎక్స్250లో ఇంజను వైపు పళ్లచక్రానికి 13 పళ్లు, వెనక దానికి 50. గుట్ట ఎక్కడానికి ఇది బ్రహ్మాండం. అదే బండి మీద బెంగళూరు పోతే రెండు గంటల సేపు ఇంజను అరుస్తూనే ఉంటుంది. ఇలాంటి ఇంజన్లకు నూనె, పిస్టన్ మార్చే గడువును కంపెనీలు కిలోమీటర్లలో చెప్పవు, గంటల్లో చెబుతాయి. రోజూ ఆఫీసుకు పోయొచ్చేవాడు నెలకో సర్వీసు చేయించుకోవలసి ఉంటుంది.

ఇక మనవాళ్లకే ప్రత్యేకమైన నియమం ఒకటుంది. 123వ నియమం ప్రకారం మోటార్ సైకిల్‌కు వెనక కూర్చునేవారు పట్టుకునే పిడి, కాళ్లు పెట్టుకునే ఫుట్‌రెస్టులు, వెనక చక్రాన్ని సగానికి తగ్గకుండా కప్పే రక్షణ ఉండాలి. అదే మనం శారీ గార్డు అనేది. చీర కొంగు, చున్నీ చక్రంలో చుట్టుకుని జరిగే ప్రమాదాలు చూసినవారికి దీని విలువ తెలుసు. ఒక్కరే నిలబడి నడిపే పోటీ బండికి ఇవేవీ ఉండవు, వెనక సీటే ఉండదు.

కాబట్టి లైటు, హారను అన్నవి ఈ పట్టికలో అన్నిటికన్నా తేలికైనవి. మెకానిక్కు గంటలో బిగించగలడు. ఆ తర్వాత మిగిలినవే బిగించలేనివి. ఒక్క బండి కోసం పుణె పోయి మొత్తం పరీక్షలు చేయించుకుందామన్నా, వేల బండ్ల మీద పంచుకోవలసిన ఖర్చు ఒక్కరి నెత్తిన పడుతుంది.

ఇది మొండితనంగా తోస్తే హీరో ఎక్స్‌పల్స్ 200 కథ చూడండి. 2019లో వచ్చిన ఈ బండి మట్టిదారుల కుర్రకారుకు తక్కువ ధరలో దొరికిన వరం. మరుసటి ఏడాది కంపెనీ దానికి ర్యాలీ కిట్ అమ్మింది. పొడవాటి సస్పెన్షన్, దిమ్మెల టైర్లు, ఎత్తు సీటు. అయితే కిట్ బిగించిన బండి పబ్లిక్ రోడ్డుకు కాదు అని కంపెనీయే చెప్పింది. 2022లో ఇంచుమించు అలాంటి హంగులతోనే, ముందు 250, వెనక 220 మిల్లీమీటర్లు కదిలే సస్పెన్షన్‌తో ర్యాలీ ఎడిషన్‌ను తెచ్చింది. దానికి నంబరు వచ్చింది. తేడా ఇనుములో కన్నా పరీక్షలో ఉంది. రెండోదాన్ని కంపెనీ ఆమోదం పొంది మరీ ఫ్యాక్టరీలో బిగించింది. ఈ తేడా అన్యాయమని వాదించేవారున్నారు. నాకు మాత్రం సబబుగానే తోస్తుంది, ఎదురుగా వచ్చే టీవీఎస్ ఎక్సెల్ రైతుకు మీ నైపుణ్యం మీద నమ్మకం ఉండాల్సిన పనిలేదు.

మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షను చెప్పేదీ ఇదే. కంపెనీ నిర్దేశించిన రూపం నుంచి, ఆర్‌సీలో రాసిన వివరాల నుంచి బండిని మార్చకూడదు. కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా నిలబెట్టింది. మార్చిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ పడవచ్చు. అసలు రిజిస్ట్రేషనే లేని బండి నడిపితే మొదటిసారి 2,000 నుంచి 5,000 దాకా. డబ్బు పోతే పోయిందనుకోవచ్చు. నంబరు లేని బండికి ఇన్సూరెన్సు ఉండదు. ఎవరినైనా గుద్దితే పరిహారం యజమాని పొలం అమ్మి కట్టాల్సిందే.

ఇప్పుడు రాష్ట్రం దాటే సంగతి. ఇది నంబరున్న బండ్లకు మాత్రమే. బెంగళూరులో పాత ఎక్స్‌పల్స్, హిమాలయన్ కొని చిలమత్తూరు తెచ్చుకునేవారికి బాగా పనికొస్తుంది. ఒక రాష్ట్రంలో చేసిన రిజిస్ట్రేషను దేశమంతా చెల్లుతుంది. కానీ వేరే రాష్ట్రంలో పన్నెండు నెలలు మించి ఉంచితే అక్కడి కొత్త నంబరు తీసుకోవాలని 47వ సెక్షను. అందుకు పాత కార్యాలయం నుంచి ఫారం 28, అంటే ఎన్‌ఓసీ కావాలి. దాని మీద చాసిస్ నంబరు పెన్సిల్ ముద్ర అంటించాలి. చట్రం మెడ మీద చెక్కిన అక్షరాలపై పల్చటి కాగితం పెట్టి పెన్సిల్ ములుకుతో అడ్డంగా రుద్దితే తెల్లగా అంకెలు తేలతాయి. ఆన్‌లైన్ కాలంలోనూ ఈ చేతిపని బతికే ఉంది, దొంగ బండి పట్టుబడేదీ చాలాసార్లు ఇక్కడే. ఎన్‌ఓసీ అడిగిన ముప్పై రోజుల్లో కుదరదని చెప్పకపోతే ఇచ్చినట్టే లెక్క అని 48వ సెక్షను అంటోంది. తర్వాత ఇక్కడ ఫారం 27, బండి వయసును బట్టి జీవితకాలపు పన్ను, ఏపీ నంబరు. పాత రాష్ట్రంలో మిగిలిన కాలానికి కట్టిన పన్ను వాపసు అడగవచ్చు, ఓపిక ఉండాలి.

పన్ను దగ్గరే రాష్ట్రాలకు పేచీ. దేశంలో ఎక్కువ జీవితకాలపు పన్ను వసూలు చేసే రాష్ట్రాల్లో కర్ణాటక ఒకటి. బయటి నంబరు బండి ముప్పై రోజులు మించి ఉంటే పన్ను కట్టాల్సిందేనని అక్కడ 2014లో చట్టం సవరించారు, హైకోర్టు దాన్ని కొట్టేసింది. కేంద్రం 2021 సెప్టెంబరు నుంచి బీహెచ్ వరుస తెచ్చింది. ప్రభుత్వ ఉద్యోగులు, కనీసం నాలుగు రాష్ట్రాల్లో కార్యాలయాలున్న ప్రైవేటు సంస్థల ఉద్యోగులు దానికి అర్హులు. రాష్ట్రం మారినా నంబరు మారదు. బెంగళూరు సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉన్న మన పిల్లలకు మంచి వెసులుబాటే. డర్ట్ బైకుకు అదీ పనికిరాదు, అక్కడా ఫారం 22 అడుగుతారు.

ఈ “పక్క రాష్ట్రం” ఆలోచన పుట్టిల్లు అమెరికా. అక్కడ రిజిస్ట్రేషన్ నిబంధనలు రాష్ట్రానికొకటి. కొన్ని రాష్ట్రాలు డర్ట్ బైకుకు లైట్లు, అద్దం, హారను ఉంటే నంబరు ఇస్తాయి. వర్మాంట్ అయితే ఏళ్ల తరబడి పరాయి రాష్ట్రాలవారికీ పోస్టులో రిజిస్ట్రేషన్ పంపింది, 2023లో ఆ తలుపు దాదాపు మూసేసింది. ఐరోపా సంఘం మరో దారి పట్టింది. ఎండ్యూరో బండి అంటే ఏమిటో అంకెలతో నిర్వచించింది. సీటు ఎత్తు 900 మిల్లీమీటర్లకు తగ్గకూడదు, నేలకు 310 మిల్లీమీటర్ల ఎడం ఉండాలి, బరువు 140 కిలోలు దాటకూడదు, వెనక సీటు ఉండకూడదు. ఆ గడిలో ఇమిడే బండికి తగిన పరీక్షలు పెట్టి రోడ్డు మీదికి వదులుతుంది. యూట్యూబు వీడియోలు చూసి మనవాళ్లు కలగనేది ఈ బండ్లనే.

కల పూర్తిగా దూరమేమీ కాదు. కావసాకి కేఎల్ఎక్స్230 2024 చివర్లో, కేటీఎం 390 ఎండ్యూరో ఆర్ 2025లో నంబరు ప్లేటుతోనే మన మార్కెట్లోకి వచ్చాయి. పోటీ బండే కావాలంటే కంచె వేసిన ట్రాకు ఉంది. డాకర్ ర్యాలీని 2015లో పూర్తి చేసి, ఆ పని చేసిన తొలి భారతీయుడైన సి.ఎస్. సంతోష్ కోలారు వైపు నడిపే డర్ట్ పార్కు అలాంటిదే. చెరువు కట్ట, పంచాయతీ బాట ట్రాకు కిందికి రావు. జనం తిరిగే హక్కున్న ఏ చోటైనా చట్టం దృష్టిలో పబ్లిక్ ప్రదేశమే.

“కన్వర్ట్ చేసిన బండి, పేపర్లన్నీ క్లియర్” అని ఎవరైనా తక్కువ ధరకు చూపిస్తే, పాత ఇంకో బండి నంబరు దీనికి తగిలించి ఉండవచ్చు. అడ్వాన్సు ఇచ్చేముందు మీరే పెన్సిల్, కాగితం తీసుకుని చాసిస్ ముద్ర వేయండి. ఆర్‌సీలోనూ ఎంపరివాహన్ యాప్‌లోనూ ఉన్న వివరాలతో, ముఖ్యంగా మోడల్ పేరుతో పోల్చండి. ఒక్క అక్షరం తేడా వచ్చినా ఆ బేరం వదిలేయండి.