మూడున్నర సెకన్లలో ఎంత పాట పడుతుంది?

భద్రాచలంలో మా చెల్లెలి ఇంటికి వెళ్లిన మర్నాడు, తెల్లవారుజామున పక్క గదిలోంచి తంబూరా శ్రుతి వినిపించింది. ఎవరో సాధకం చేస్తున్నారనుకుని తొంగి చూద్దును కదా, మా మేనల్లుడు పాత వీడియో ఆట యంత్రం ముందు కూచుని వున్నాడు! శ్రుతి బాగానే వుంది కాని, నడుమ నడుమ "టక్, టక్" మని చప్పుడు.

"ఏమిట్రా అది?" అన్నాను.

"అతుకు కుదరలేదు మామయ్యా!" అన్నాడు.

అది 1990లో జపానులో నింటెండో కంపెనీ విడుదల చేసిన సూపర్ ఫామికామ్. అందులోని ధ్వని విభాగాన్ని రూపొందించినవాడు సోనీ ఇంజనీరు కెన్ కుటరాగి. ధ్వనికి ఇచ్చిన మెమరీ 64 కిలోబైట్లు మాత్రమే. సెకను ధ్వనిని 32,000 ముక్కలుగా కొలిచి, పదహారేసి ముక్కలను మూటగట్టి, మూటకు 9 బైట్ల చొప్పున దాస్తారు. అంటే సెకనుకు 18,000 బైట్లు. లెక్క వేసి చూడండి: వున్న చోటంతా ఇచ్చేసినా పట్టేది మూడున్నర సెకన్ల పైచిలుకు! మరి ఆట సాగినంతసేపూ పాట ఎలా వస్తున్నట్టు?

తిప్పి తిప్పి వాయించడమే కిటుకు. తీగ మీటిన తొలి క్షణం ఒక్కసారే మోగుతుంది. ఆ తరువాత నిలకడగా సాగే నాదంలోంచి చిన్న తునక తీసుకుని, దాన్నే మళ్లీ మళ్లీ వాయిస్తారు. అందుకని ప్రతి ధ్వనికీ రెండు చిరునామాలు రాసి పెడతారు. ఒకటి మొదలు పెట్టేచోటు, రెండోది తిరిగి అందుకునేచోటు. ఆఖరి మూట మీద "ఇక వెనక్కి మళ్లు" అనే గుర్తు వుంటుంది. సెకనుకు 500 కంపనాల స్వరమైతే ఒక కంపనానికి సరిగ్గా 64 ముక్కలు, అనగా నాలుగు మూటలు, 36 బైట్లు. ఆ పిసరే గంటల తరబడి మోగుతుంది సుమండీ! కాని తునక చివర అల ఎక్కడ ఆగిందో, మొదలు అక్కడినుంచే అందుకోవాలి. ఎత్తు తేడా వస్తే "టక్" మంటుంది.

మావాడు అతుకు జరిపాడు. చప్పుడు మాయమైంది.

తరువాత కోయ డోలు దరువు ఎక్కించాడు. డోలు దెబ్బ తంబూరా నాదంలా నిలవదు, పుట్టగానే అణిగిపోతుంది. కనుక దెబ్బను ఒక్కసారే దాచి, ఏ దెబ్బ ఎప్పుడు పడాలో ఆ వరుస రాస్తే చాలు. ఇక్కడ తిరిగేది ధ్వని కాదు, వరుస.

అంతలో కాఫీ తెచ్చిన మా చెల్లెలు అడిగింది: "రామచంద్రయ్యగారి కథా ఇందులో పడుతుందా?"

మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్యగారు డోలు వాయిస్తూ సమ్మక్క సారలమ్మల కథనూ, కోయల పూర్వీకుల చరిత్రనూ కోయభాషలోనూ తెలుగులోనూ పాడేవారు. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో కన్నుమూశారు. ఆయన పాడినది కాగితం చూసి కాదు, గుండెలో దాచుకున్నది.

మావాడు తల అడ్డంగా వూపాడు. "దరువైతే తిప్పవచ్చునమ్మా. కథలో ప్రతి మాటా కొత్తదే. తిప్పడానికి నిలకడగా వుండే తునక ఏదీ? మొదటినుంచి చివరిదాకా వినవలసిందే."

నిజమే కదా! తిరిగేదాన్ని 36 బైట్లలో దాచుకోవచ్చు. తిరగని దానికి మాత్రం, పాడేవారు వుండగానే ఎదురుగా కూచుని వినడం తప్ప మరో కిటుకు లేదు.

ఆ ఆదివారం మావాడు ఆటయంత్రం ముట్టుకోలేదు. ఫోను నిండా ఛార్జీ పెట్టుకుని, గోదావరి వంతెన దాటి మణుగూరు బస్సెక్కాడు.