నిప్పు, మంచు, మెరుపు... గుండెలో ముక్కోణపు పోటీ!

మీకు తెలుసా? మన గుండె రోజుకు సుమారు లక్షసార్లు కొట్టుకుంటుంది. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే దడ పట్టుకుందా, గుండె పైగదుల్లో నిమిషానికి 350 నుంచి 600 విద్యుత్ సంకేతాలు చెలరేగుతాయి. అన్నీ కిందిగదులకు దిగకుండా నడుమ ఓ కాపలా కణుపు ఉంది కాబట్టి సరిపోయింది. లేకుంటే కథ కంచికే!

ఈ దడ ఉంటే పక్షవాతం ముప్పు దాదాపు 5 రెట్లని తెలుసా? పైగదులు పిండడం మాని వణుకుతుంటే రక్తం నిలిచి గడ్డకడుతుంది. ఆ గడ్డ మెదడుకు బయల్దేరుతుంది. టికెట్ లేని ప్రయాణం!

మరి ఈ దడ రేపే దొంగ దాక్కునేదెక్కడ? 1998లో ఫ్రాన్స్‌లోని బోర్డోలో మిషెల్ హైసాగేర్ బృందం 45 మందిని పరీక్షించి 69 అల్లరి చోట్లు పట్టుకుంది. అందులో 65 గుండె గదుల్లో లేనే లేవు! ఊపిరితిత్తుల నుంచి గుండెకు రక్తం తెచ్చే సిరల్లో ఉన్నాయి. గొడవ మనింట్లో, దొంగ పక్కవీధిలో!

మచ్చే మందని తెలుసా? మచ్చపడిన చోట కరెంటు పారదు. అందుకే ఆ సిరల మొదట్లో చుట్టూ మచ్చల కంచె కడతారు. అదే అబ్లేషన్. సాధారణంగా సిరలు నాలుగు, కంచెలూ నాలుగే.

1987లో అమెరికా సర్జన్ జేమ్స్ కాక్స్ ఈ మచ్చల కోసం గుండెను కత్తితో కోసి, మళ్లీ కుట్టారు! ఇప్పుడు గజ్జల దగ్గర సిరలోంచి సన్నని గొట్టం పంపితే చాలు. దాని పేరే కథెటర్.

గుండెలోకి కథెటర్ దూర్చుకున్న తొలి ధీరుడెవరో తెలుసా? జర్మన్ డాక్టర్ వెర్నర్ ఫోర్స్‌మన్. 1929లో తన చేతి సిరలోంచి తన గుండెకే పంపుకుని, నడుచుకుంటూ ఎక్స్‌రే గదికి వెళ్లాడు! 1956లో నోబెల్ వచ్చింది. అమ్మకు చెప్పి చేశాడో లేదో!

ఇక పోటీదారులు. మొదటిది నిప్పు: రేడియో ఫ్రీక్వెన్సీ. కథెటర్ మొన దగ్గర 50 డిగ్రీలు దాటితే కణాలు చచ్చిపోతాయి. సిర చుట్టూ ఒక్కో చుక్కా పెట్టుకుంటూ రావాలి. గుండెలో చుక్కల ముగ్గు! ఒక్క చుక్క తప్పితే దడ అందులోంచే దూరుతుంది.

రెండోది మంచు: క్రయో బెలూన్. 28 మిల్లీమీటర్ల బుడగను సిర మూతికి ఆనించి, సున్నాకు 40 డిగ్రీలకు పైగా కిందికి గడ్డకట్టిస్తారు. ఒక్క ముద్రతో వలయం సిద్ధం! ఆ చల్లదనం ఇచ్చే వాయువేదో తెలుసా? నైట్రస్ ఆక్సైడ్. అవును, నవ్వించే వాయువే!

చలికి బుడగ గుండె గోడకు అతుక్కుపోతుందని తెలుసా? ఫ్రీజర్‌లోని ఐస్ ట్రేకి తడివేలు అంటుకున్నట్టే. గుండె కదిలినా బుడగ జారదు!

మంచు చికిత్సలో డాక్టర్లు కావాలనే రోగికి ఎక్కిళ్లు తెప్పిస్తారు! పక్కనే ఊపిరి కండరాన్ని కదిలించే నరం ఉంది. దాన్ని మీటుతూ కండరం ఎగురుతోందా అని కడుపు మీద చెయ్యిపెట్టి చూస్తారు. ఎక్కిళ్లు తగ్గాయా, నరానికి చలి తగిలినట్టే, బెలూన్ ఆపాల్సిందే. ఎక్కిళ్లు ఆగితే కంగారుపడేది ఇక్కడొక్కచోటే!

నిప్పు, మంచు తలపడితే గెలుపెవరిది? 2016లో 'ఫైర్ అండ్ ఐస్' పరీక్షలో 762 మంది. ఏడాదికి వైఫల్యం మంచులో 34.6 శాతం, నిప్పులో 35.9 శాతం. ఇంత హడావుడి చేసి టై!

మూడోది మెరుపు: పల్స్‌డ్ ఫీల్డ్. వేడీ లేదు, చలీ లేదు. సెకనులో పది లక్షల వంతుల్లో కొలిచేంత కొద్దిసేపే ఉండే హై వోల్టేజీ కొరడా దెబ్బలతో కణాల గోడకు తూట్లు పడతాయి. చిప్స్ ఫ్యాక్టరీల్లో బంగాళాదుంపల్ని మెత్తబరిచేదీ ఇదే సూత్రం! గుండెకైతే ఉప్పూకారం అక్కర్లేదు.

ఈ కథెటర్లలో ఒకటి గుండెలోకి వెళ్లాక పువ్వులా విచ్చుకుంటుందని తెలుసా? 'ఫారాపల్స్' అనే ఆ పువ్వుకు అమెరికా అనుమతి 2024 జనవరిలో వచ్చింది. ముగ్గు అయింది, ముద్ర అయింది, ఇప్పుడు పూజ!

గుండె వెనకే ఆనుకుని అన్నవాహిక ఉంటుంది. నిప్పుకు దాన్నీ కాల్చే ప్రమాదముంది, అరుదైనా ప్రాణాంతకం. మెరుపు చికిత్స పొందిన 17,642 మందిలో అలా చిల్లు పడినవారెందరు? సున్నా! అయినా మెరుపు మచ్చలేని చంద్రుడేం కాదు. ఎర్రరక్తకణాల్నీ పగలగొడుతుంది, అరుదుగా కిడ్నీలకు ఇబ్బంది తెస్తుంది.

2023లో 607 మందిపై జరిగిన 'అడ్వెంట్' పరీక్షలో మెరుపు విజయం 73.3 శాతం, పాత పద్ధతులది 71.3 శాతం. మళ్లీ దాదాపు టై! పరీక్షకు నాయకుడు న్యూయార్క్ మౌంట్ సైనై డాక్టర్ వివేక్ రెడ్డి. పేరు విన్నట్టే ఉంది కదూ!

2025లో స్విట్జర్లాండ్‌లో మాత్రం టై తెగింది. 210 మందికి ఒంట్లో మానిటర్ అమర్చి ఏడాది కాపు కాస్తే దడ తిరిగొచ్చింది మంచులో 50.7 శాతం మందికి, మెరుపులో 37.1 శాతం మందికే!

ఎక్కువ కాలిస్తే ఎక్కువ లాభమా? 2015లో 589 మందిపై చూశారు. సిరల కంచె ఒక్కటే వేస్తే 59 శాతం మంది బాగున్నారు. అదనంగా కాల్చిన రెండు జట్లలో 49, 46 శాతం! గోరింటాకు కాదు కదా, ఎక్కువ పెడితే ఎర్రగా పండడానికి!

చికిత్స తర్వాత తొలి 8 వారాల్లో దడ వచ్చినా ఓటమిగా లెక్కపెట్టరని తెలుసా? పాత పరిశోధనల్లో అది 3 నెలలు. కొత్త కోడలికి ఆషాఢం ఉన్నట్టు గుండెకీ ఓ మినహాయింపు!

కథెటర్ లేని చికిత్స కూడా ఉంది! ఆస్ట్రేలియాలో దడ ఉన్న 140 మంది మద్యం ప్రియుల్లో సగం మందిని మానమన్నారు. ఆరునెలల్లో దడ తిరిగొచ్చింది ఆ జట్టులో 53 శాతానికి, మామూలుగా తాగినవారిలో 73 శాతానికి. ఖర్చు సున్నా, పైగా ఆదా!

చివరి ప్రశ్న మీకే. మణికట్టు దగ్గర మీ నాడి ఎప్పుడైనా పట్టి చూశారా? వేళ్లు ఆనించి ఒక్క నిమిషం లెక్కపెట్టండి. తాళం తప్పుతుంటే ఈసీజీ తీయించుకోండి. నిప్పా, మంచా, మెరుపా అన్నది ఆ తర్వాత డాక్టర్ చూసుకుంటారు!