సమాచార గోప్యత, నమూనా హక్కు: ఆదోని, ఎమ్మిగనూరు నేపథ్యం

ఆధునిక వాణిజ్యంలో సరుకుతో పాటు సమాచారం కూడా చేతులు మారుతుంది. కర్నూలు జిల్లా పశ్చిమ ప్రాంతంలో ఇందుకు రెండు ఉదాహరణలు చూడవచ్చు: ఆదోని మార్కెట్టుకు పత్తి తెచ్చే రైతు వివరాలు, ఎమ్మిగనూరు నేతకారుని నమూనా.

రైతు పేరు, ఫోన్ నంబరు, బ్యాంకు ఖాతా కంప్యూటరుకెక్కితే అవి దశలవారీగా అమలవుతున్న 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం పరిధిలోకి వస్తాయి. చెల్లింపు కోసం ఇచ్చిన సమ్మతి చెల్లింపుకే పరిమితం. ఆ వివరాలను మరొక వ్యాపారికి అందించడానికి అది చాలదు. కాగితపు చిట్టాలోనే ఉండిపోయిన వివరాలకు మాత్రం ఈ చట్టం వర్తించదు.

నమూనా సంగతి వేరు. మాచాని సోమప్ప 1938లో నెలకొల్పిన చేనేత సహకార సంఘం ఎమ్మిగనూరు వస్త్రానికి పేరు తెచ్చింది. ఇటువంటి ఊరిపేరును భౌగోళిక గుర్తింపు కాపాడగలదు. ఉప్పాడ జాందానీ, పోచంపల్లి ఇక్కత్ అలా రక్షణ పొందినవే. అయితే ఒక నేతకారుడు కొత్తగా కల్పించిన అంచుకు ఆ గుర్తింపు చాలదు. దానిని 2000 నాటి డిజైన్ల చట్టం కింద నమోదు చేయించాలి. అప్పుడు 10 ఏళ్లు, పొడిగిస్తే మరో 5 ఏళ్లు హక్కు ఉంటుంది. నమోదుకు ముందే నమూనా బహిరంగమైతే ఆ హక్కు దక్కదు. నమ్మకంతో గోప్యంగా చూపినదానిని మాత్రం 16వ సెక్షన్ బహిరంగపరచినట్లు పరిగణించదు.

ఆ గోప్యతకు బలమైన రుజువు రాతపూర్వక ఒప్పందం. కనుక కొనుగోలుదారుకు వాట్సాప్‌లో ఫోటో పంపడానికి ముందే సంతకం చేయించుకోవడం నేతకారునికి మేలు.